అరటిపువ్వు కోసిన నీళ్లు

ఇళ్లలో వంటకు కుదిరే అమ్మాయిలు నన్ను అడిగేవన్నీ కొలతలే. ఉప్పెంత, నూనెంత, మూతపెట్టి ఎంతసేపు మగ్గించాలి. ముత్తుకూరు చుట్టుపక్కలకు పోర్టు, కరెంటు ప్లాంట్లు వచ్చాక ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లు పెరిగాయి, వంటమనుషులకు గిరాకీ పెరిగింది. పాలు, నెయ్యి, గుడ్డు, మాంసం ఏవీ తగలని వంట కావాలని అడిగే ఇళ్లు కూడా ఇప్పుడు ఉన్నాయి. దాన్ని వీగన్ వంట అంటున్నారు. "పెంచలక్కా, నువ్వు ఆ వంట ఏళ్ల తరబడి చేసినావంట గదా, మాకూ నేర్పించు" అని వస్తారు. నేర్పిస్తాను. కొలతలు పది రోజుల్లో వచ్చేస్తాయి, వాటికి నేనే కావాలని లేదు.

కొలతల్లో లేనిది ఒకటుంది. అది నాకు తెలిసొచ్చేసరికి పనిలో చేరి ఇరవై రెండేళ్లయింది, ఒక పసిపిల్ల ప్రాణం మీదికి వచ్చింది. మోకాళ్లు మొరాయించి నేను పని మానేశాను కాబట్టి ఇప్పుడు నన్ను ఎవరూ పనిలోంచి తీసెయ్యలేరు. అందుకే వంట నేర్చుకునే మీ కోసం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

చేతుల వాసన

మాది పులికాట్ ఒడ్డున చేపలు పట్టి బతికే పల్లె. మా ఇంట్లో కూరగాయ అంటే చేపకు తోడు, అంతే. బీరకాయలోనైనా గోంగూరలోనైనా గుప్పెడు ఎండురొయ్యలు పడాల్సిందే. రొయ్యలు పడని బీరకాయ కూరను జ్వరం తగ్గినవాళ్లకు పెట్టేవాళ్లం. పెళ్లయి నాయుడుపేట వచ్చాక రాజ్యలక్ష్మమ్మ గారి ఇంట్లో కూరగాయలు కోసే పని దొరికింది. ఆవిడ ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. మొదటిరోజు గుమ్మంలోనే ఆపి, నా రెండు చేతులూ పట్టుకుని వాసన చూశారు.

"రొయ్యలు ముట్టినావు."

"లేదమ్మా. సద్దన్నం తిని వచ్చినా, అంతే."

"సద్దన్నంలో ఏం నంజుకున్నావు?"

నంజుకున్నది రొయ్యపొట్టు పచ్చడే. నేను అబద్ధం చెప్పలేదు. రోజూ తినేది కాబట్టి అది నాకు తిన్నట్టే అనిపించలేదు. సిగ్గుతో తల దించుకున్నాను. వెనక్కి పంపేస్తారనుకున్నాను. ఆవిడ శీకాయపొడి తెచ్చి నా చేతుల్లో పోసి, మోచేతుల దాకా రుద్దుకోమన్నారు.

ఏడాది పాటు నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. వెనక వసారాలో కత్తిపీట వేసుకుని కోయడమే పని. మా కులం మనిషి వంటింట్లోకి రావడం ఆవిడకు ఇష్టం లేదు. ఆ మాట నోటితో అనలేదు గానీ నాకు తెలియక కాదు. ఆ కోపం నాలో ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. అయినా ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. కూరగాయను గౌరవించడం నాకు నేర్పింది ఆవిడే. బెండకాయను కడిగి, తుడిచి, ఆరాకే కోయాలి. బీరకాయలో చుక్క నీళ్లు పోయకూడదు, దాని నీళ్లతోనే అది ఉడకాలి. వంకాయ ముక్కలు ఉప్పునీళ్లలో వెయ్యాలి. అరటికాయ, అరటిదూట, అరటిపువ్వు కోస్తే మాత్రం పుల్లమజ్జిగ కలిపిన నీళ్లలో వెయ్యాలి. లేకపోతే నల్లబడతాయి, వగరు చావదు. తప్పు చేస్తే చేతి మీద గరిటెతో ఒకటి వేసేవారు.

"తలకాయలో పెట్టుకుంటే మర్చిపోతావు. చేతికి అలవాటు చేసుకో" అనేవారు.

అలాగే చేసుకున్నాను. రెండో ఏడు పొయ్యి దగ్గర నిలబెట్టారు. ఆవిడ పోయేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆ తర్వాత నా వంట నాయుడుపేట నుంచి ముత్తుకూరు దాకా పేరు తెచ్చుకుంది. అయితే ఆవిడ చెప్పని మాట ఒకటుంది. చేతికి అలవాటైన పని కంటికి కనబడదు.

సుజాత గారి ఇల్లు

సుజాత గారికి పోర్టు ఆఫీసులో ఉద్యోగం. భర్త ప్రసాద్ గారు శ్రీహరికోటలో పనిచేసేవారు, శని ఆదివారాలు వచ్చేవారు. ఇంట్లో సుజాత గారు, ఆమె అత్తగారు శేషమ్మ గారు, ఎనిమిదేళ్ల హర్షిత ఉండేవాళ్లు. హర్షితను అందరూ చిట్టి అనేవాళ్లం. చేప, గుడ్డు ఆ ఇంట్లో ముందునుంచీ లేవు. దానికితోడు చిట్టికి పాలు పడవు.

పడవంటే విరేచనాలు అవుతాయేమో అనుకున్నాను. పనిలో చేరిన రోజు సుజాత గారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు. రెండేళ్ల కిందట శేషమ్మ గారు, ఒక్క నెయ్యిచుక్క ఏం చేస్తుందిలే అని ముద్దపప్పులో కలిపి పెట్టారట. పిల్ల పెదవులు వాచి, గొంతు మూసుకుపోయి, నీలం తిరిగిపోయిందట.

"పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, మజ్జిగ ఏదీ తగలగూడదు పెంచలక్కా. ఆ గరిటె ఈ గిన్నెలో పెట్టినా ఒప్పుకోను. ఒక్కసారి తప్పు జరిగితే నా బిడ్డ నాకు ఉండదు."

ఆవిడ గొంతు పెంచలేదు. అలా చెప్పడంతోనే నాకు భయం పట్టుకుంది. ఆ భయం మంచిదే. వంటింట్లో కొంచెం భయం ఉండాలి.

శేషమ్మ గారికి మజ్జిగ లేకపోతే ముద్ద దిగదు. అందుకని ఆవిడ పెరుగు గిన్నె, గ్లాసు, చెంచా వెనక వసారాలో ఒక అలమరలో విడిగా ఉండేవి. ఆవిడ అక్కడే తిని, అక్కడే కడుక్కుని, సబ్బుతో చేతులు తోముకున్నాకే మనవరాలిని ముట్టుకునేవారు. నెయ్యి సంగతి జరిగినప్పటి నుంచి ఆవిడ ఆ ఇంట్లో తప్పు చేసిన మనిషిలాగే తిరిగేవారు.

సుజాత గారికి ఒక పట్టుదల ఉండేది. పిల్లకు వేరుగా, మాకు వేరుగా వండొద్దు. అందరి కంచంలో ఒకటే కూర పడాలి, బడిలో వేరుగా కూర్చుని తింటోంది చాలు అనేవారు. ఆ మాట నాకు నచ్చింది. పాలు తీసేస్తే వంట చప్పబడుతుందని అందరూ అనుకుంటారు. నాకు అలా అనిపించలేదు. సొరకాయ ముక్కలు మెత్తగా ఉడికాక దించి, చిక్కటి కొబ్బరిపాలు పోసి, కరివేపాకు, రెండు పచ్చిమిరపకాయలు. అంతకుమించి ఏమీ వద్దు. బీరకాయలో వేయించిన నువ్వులపొడి. గోరుచిక్కుడులో పచ్చికొబ్బరి. గుత్తివంకాయలో చెనిక్కాయల, అంటే వేరుశెనగల పొడి. నెయ్యి లేనప్పుడు తాలింపు జాగ్రత్తగా వెయ్యాలి. ఆవాలు చిటపటలాడాక, ఇంగువ మాడకముందే దించాలి. కూరగాయ లేతగా ఉండాలి, ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండాలి, వడ్డించేటప్పుడు రంగు చెడకూడదు. ఇంతే నా విద్య. ప్రసాద్ గారి స్నేహితులు వచ్చి తిని, హోటల్ నుంచి తెప్పించారా అని అడిగిన రోజులున్నాయి. రంగు చెడకూడదన్న పట్టుదలే చివరికి నా కొంప ముంచింది.

ఆదివారం

నేను చేరిన రెండో ఏట ఒక ఆదివారం పొద్దున పక్కింటివాళ్లు పెరట్లోని అరటిపువ్వు ఒకటి తెచ్చి ఇచ్చారు. నిగనిగలాడుతోంది. ఆ ఇంట్లో అప్పటిదాకా నేను అరటిపువ్వు వండలేదు. ఆవపెట్టి చేస్తానన్నాను. ప్రసాద్ గారు సంబరపడిపోయారు.

వెనక వసారాలో కూర్చుని రేకలు విప్పాను. ఒక్కో పువ్వులోంచి గట్టి కాడ, పలచటి పొర తీసి పారేసి, మిగిలింది సన్నగా తరిగి నీళ్లలో వేశాను. తర్వాత పిండి, చింతపండు పులుసులో ఉడకబెట్టి, తాలింపు పెట్టి, దించాక ఆవముద్ద కలిపాను. పసుపచ్చగా, విడివిడిగా, ఎక్కడా నలుపు లేకుండా వచ్చింది. గిన్నెను బల్లమీద పెడుతుంటే గర్వంగా ఉంది.

నలుగురూ తిన్నారు. చిట్టి రెండోసారి వేయించుకుంది. "పెంచలత్తా, పువ్వును తింటా ఉండామా!" అని నవ్వింది.

కంచాలు తీస్తుండగా పిల్ల గొంతు గోక్కోవడం చూశాను. ఆవ ఘాటేమో అనుకున్నాను. ఇంతలో దగ్గు మొదలైంది. చూస్తుండగానే కళ్ల కింద ఉబ్బింది, పెదవులు తిరగబడ్డాయి. "అమ్మా" అన్న మాట బొంగురుగా, ఎవరో పెద్దవాళ్ల గొంతులా వచ్చింది. సుజాత గారు కుర్చీ తోసేసి లేచారు. ప్రసాద్ గారు పిల్లను భుజాన వేసుకుని చెప్పులు లేకుండానే కారు దగ్గరికి పరుగెత్తారు. వెనక సీట్లో పిల్ల కాళ్లు నా ఒళ్లో ఉన్నాయి. వేళ్లు చల్లగా అయిపోయాయి. ఊపిరి తీసుకుంటుంటే ఈల వేసినట్టు చప్పుడు.

ముత్తుకూరులోనే ఒక డాక్టరు తొడకు సూది వేసి, వెంటనే నెల్లూరు తీసుకెళ్లమన్నారు. ఆ దారంతా సుజాత గారు ఒక్కటే మాట అంటున్నారు. "ఊపిరి తీసుకో తల్లీ. ఇంకోసారి తీసుకో. ఇంకోసారి."

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది.

"ఏం తినింది?"

నేను ఒక్కొక్కటీ చెప్పాను. అన్నం, దోసకాయ పప్పు, అరటిపువ్వు కూర. కూరలో చింతపండు, ఉప్పు, పసుపు, ఆవాలు, మిరపకాయలు, ఇంగువ, కరివేపాకు, చెనిక్కాయ నూనె.

"పాల వస్తువేదన్నా?"

"లేదమ్మా. దేవుడి మీద ఒట్టు."

మనస్ఫూర్తిగా చెప్పాను. ఆ క్షణాన నా మనసులో ఏ దాపరికమూ లేదు. సాయంత్రానికి చిట్టి వాపు తగ్గింది, నీళ్లు తాగింది. మర్నాటి దాకా ఉంచి పంపిస్తామన్నారు. నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఖాళీ గిన్నె

మర్నాడు పొద్దున ఇల్లు సర్దడానికి వెళ్లాను. సుజాత గారు బట్టల కోసం వచ్చి ఉన్నారు. వెనక వసారాలో శేషమ్మ గారి ఎదురుగా నిలబడి ఉన్నారు. చేతిలో ఖాళీ మజ్జిగ గిన్నె ఉంది.

"అత్తయ్యా, మొన్న మిగిలిన పుల్లమజ్జిగ సగం గిన్నె ఉండె. నిన్న మీరు కొత్త పెరుగే తిన్నారు. ఈ మజ్జిగ ఏమయింది?"

"నాకేం తెల్సమ్మా? నేను తాగలా."

"మరి ఎవురు తాగినారు? చిట్టి నిన్న పొద్దున మీ దగ్గరే గదా ఆడుకుంటా ఉండింది?"

నేను చీపురు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాను. నా వేళ్లకు తెలిసిపోయింది. వసారాలో కూర్చుని, పువ్వు తరగబోతూ, ఎడమచేత్తో అలమర తెరిచి, చెట్లకు పోసేసే పుల్లమజ్జిగే కదా అని నీళ్లలోకి వంచిన సంగతి మొత్తం కళ్లముందుకు వచ్చింది. వంచేటప్పుడు నేను ఏమీ ఆలోచించలేదు. కూరలో వేసింది కాదు, ముక్కలు నానబెట్టిన నీళ్లు. ఆ నీళ్లు పారబోసేశాను. కూరలో ఏమేం వేశావంటే ఆ నీళ్లు లెక్కలోకి ఎలా వస్తాయి?

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు.

శేషమ్మ గారు కోడలి ముఖం చూశారు, గిన్నె చూశారు. "నేను ఇయ్యలేదమ్మా" అన్నారు. మళ్లీ అన్నారు. మూడోసారి ఆ మాటలో బలం లేదు.

"ఇచ్చినానేమో. ఈ మధ్య నాకు ఏదీ గుర్తుండటంలా. చిట్టి అడిగితే గ్లాసులో పోసినానేమో."

ఆవిడ తన రెండు చేతులూ ముందుకు చాపి, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నారు. నేను ఊడ్చాను. అవును, నేను నేల ఊడ్చాను.

ఆ రెండు రోజులు నేను నాకు చెప్పుకున్న మాటలన్నీ ఇక్కడ రాస్తాను, ఎందుకంటే మీరూ ఒకరోజు అవే చెప్పుకుంటారు. పిల్ల బాగయింది కదా. ఇంకెప్పుడూ మజ్జిగ ముట్టను కదా. చెబితే పని పోతుంది, ఊరంతా తెలుస్తుంది, ఇంకో ఇంట్లో ఎవరూ పెట్టుకోరు. పెద్దావిడ ఎలాగూ ఒకసారి నెయ్యి పెట్టిన మనిషే. ఈ చివరి మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

చిట్టి ఇంటికి వచ్చింది. నేను వండుతున్నాను, పిల్ల తింటోంది. ప్రతి ముద్దకూ పిల్ల పెదవుల వైపే చూస్తున్నాను. శేషమ్మ గారు పిల్లను దగ్గరికి రానివ్వడం లేదు. అవ్వా అని వస్తే, "వద్దు అమ్మణ్ణీ, నా చేతులు మంచివి గావు, పో" అని గదిలోకి వెళ్లి గడియ వేసుకుంటున్నారు. పిల్ల ఆ తలుపు ముందే కూర్చుని బొమ్మలు గీసుకుంటోంది. మూడో రోజు, పిల్ల కోసం సెలవు పెట్టిన ప్రసాద్ గారు తల్లిని నాయుడుపేటలో ఉన్న తన తమ్ముడి ఇంట్లో దించి వస్తానన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆవిడ ఎదురు చెప్పకుండా బట్టలు సంచిలో పెట్టుకున్నారు.

నోరు తెరిచిన పొద్దు

కారులో సంచి పెట్టేశారు. శేషమ్మ గారు గడప దాటబోతూ నన్ను పిలిచారు.

"పెంచలా, నేను లేకుంటే ఇంగ ఇంట్లో పెరుగు ఉండదు. భయం లేదు. బిడ్డను జాగర్తగా చూసుకో."

ఆవిడ తనను తాను ఇంట్లోంచి తీసేసుకుని, పిల్లను నా చేతుల్లో పెడుతున్నారు. తప్పు ఆ చేతులదే.

"ఆ మజ్జిగ నేను వాడినా" అన్నాను.

సుజాత గారు వెనక్కి తిరిగారు. "ఏంది?"

"అరటిపువ్వు మజ్జిగ నీళ్లలో కోసినా సుజాతమ్మా. నల్లబడకుండా. అట్టా కోయడం అలవాటు. ఆసుపత్రిలో అడిగినప్పుడు నిజంగా గుర్తు రాలా. మీరు గిన్నె పట్టుకున్నప్పుడు గుర్తొచ్చింది. చెప్పలేకపోయినా."

సుజాత గారి ముఖం తెల్లగా అయిపోయింది.

"మూడు రోజులు," అన్నారు. "మూడు రోజులు నీ చేతి కూడు నా బిడ్డకు పెట్టినాను."

"ఆ తర్వాత ఏదీ..."

"ఇంగ మాట్లాడొద్దు. పో."

సుజాత గారి కోపం నేను ఎదురుచూసిందే. శేషమ్మ గారి మాటే నన్ను కోసేసింది. గడప మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, తల ఎత్తి అన్నారు. "నాకు మతి పోయిందనుకున్నాను గదే. నా చేత్తో నేనే చంపబోయినాను అనుకున్నాను. చూస్తా ఊడ్చుకున్నావు గదా. నీకు నోరు రాలేదా?"

చెప్పులు వేసుకుని వచ్చేశాను.

మళ్లీ పిలుపు

పదిహేను రోజులు ఇంట్లో కూర్చున్నాను. ఒక ఉదయం సుజాత గారు మా ఇంటి ముందు కారు ఆపారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కొత్త వంటమనిషి కోసం ఆరుగురిని పిలిచి మాట్లాడినాను. పాలు వెయ్యం, నెయ్యి వెయ్యం అని అందరూ అన్నారు. అరటికాయ ఎట్టా కోస్తారని అడిగినాను. ఆరుగురూ మజ్జిగ నీళ్లలోనే అన్నారు. అది పాలే గదా అంటే నవ్వుతారు. పారబోసేస్తాం గదమ్మా అంటారు."

"మీరు అడగబట్టి చెప్పినారు. అడక్కుంటే ఎవురూ చెప్పరు. దాచాలని గాదు. అది వాళ్లకు వంటలో లెక్కే గాదు."

"నువ్వు చెప్పకుండా ఉంటే నాకు అడగాలనే తెలిసేది గాదు." కారు వైపు ఒకసారి చూసి, మళ్లీ నా వైపు తిరిగారు. "నిన్ను నేను క్షమించలా పెంచలక్కా. కానీ ఆ తప్పు తెలిసినదానివి నువ్వొక్కదానివే. రేపటి నుంచి రా. ఒక షరతు. చిట్టి నీ పక్కన కూర్చుంటుంది. ప్రతిదీ అడుగుతుంది. విసుక్కోకూడదు."

వెళ్లాను. తర్వాత నా పద్ధతే మారిపోయింది. కూరలో వేసేవి చెప్పడం మానేసి, కూరను తాకినవన్నీ చెప్పడం మొదలుపెట్టాను. ముక్కలు పడ్డ నీళ్లు, పిండిన గుడ్డ, వేయించిన మూకుడు, ఆ మూకుట్లో నిన్న వేగింది ఏమిటి. చల్లమిరపకాయలు వేయించిన నూనెతో తాలింపు పెట్టడం ఎన్ని ఇళ్లలో ఉందో గమనించండి. ఆ మిరపకాయలు ఊరింది పెరుగులోనే. అరటికాయను చింతపండు నీళ్లలో వేసినా నల్లబడదు, బియ్యం కడుగులో వేసినా పరవాలేదు. కొంచెం నల్లబడితే మాత్రం ఏమిటి? తినేవాళ్లు బతికి ఉండాలి, రంగు సంగతి ఆ తర్వాత. మీరు చేరే ప్రతి ఇంట్లో మొదటి వారం మీ చేతులు చేసే పనులను పైకి చెబుతూ వండండి. పిచ్చిదనుకుంటారు, అనుకోనివ్వండి. తప్పు చేస్తే ఆ పూటే చెప్పండి. మీరు దాచిన తప్పు మీతో పోదు, మీ తర్వాత వచ్చే మనిషి చేతుల్లో మళ్లీ జరుగుతుంది.

చిట్టి రోజూ స్టూలు లాక్కుని నా పక్కన కూర్చునేది. "ఏ నీళ్లలో కోసినావు?" అని అడిగి, నా జవాబు విని, గిన్నెలోకి తొంగిచూసి, అప్పుడే కంచం తీసుకునేది. మొదట్లో నాకు బాధ వేసేది. తర్వాత ఏ రోజైనా ఆ ప్రశ్న ఆలస్యమైతే భయం వేసేది.

శేషమ్మ గారు నాయుడుపేట వెళ్లలేదు. పెరుగు మాత్రం ఇక ఇంట్లోకి రాకూడదని ఆవిడే చెప్పారు. నా చేతి వంట కూడా ముట్టనన్నారు. నేను పొయ్యి వదిలాక వచ్చి, చిన్నగిన్నెలో తన అన్నం, కూర తనే వండుకునేవారు. నాతో మాట్లాడేవారు కాదు. అలా అయిదేళ్లు ఒకే ఇంట్లో గడిచాయి. ఎన్నిసార్లు క్షమించమని అడగబోయినా ఆవిడ ముఖం తిప్పుకునేవారు. అది ఆవిడ హక్కు.

బంతిలో

నేను పని మానేయడానికి కొన్ని నెలల ముందు, నెల్లూరులో సుజాత గారి బంధువుల గృహప్రవేశం. నన్నూ రమ్మన్నారు. చిట్టికి అప్పుడు పద్నాలుగేళ్లు. మధ్యాహ్నం బంతిలో నా ఎదుటి వరసలో అవ్వ పక్కన కూర్చుంది. సుజాత గారు, ప్రసాద్ గారు లోపల పీటల దగ్గర ఉన్నారు. పాలు పడవని వంటవాళ్లకు ముందే చెప్పారు. వడ్డించే ఆమె అరటికాయ వేపుడు తెచ్చింది. బంగారు రంగులో మెరుస్తోంది.

"తిను పాపా. నీ కోసరం పాలు, నెయ్యి ఏదీ వెయ్యలా."

చుట్టూ అందరూ తింటున్నారు. ఆకలికి పిల్ల ముఖం వాడిపోయి ఉంది. వాసన నాదాకా వస్తోంది. నేను లేవబోయాను. మోకాళ్లు వెంటనే సహకరించలేదు. చిట్టి చెయ్యి ఆకు మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది.

"ముక్కలు ఏ నీళ్లలో కోసినారు అక్కా?"

ఆమె నవ్వింది. "ఏ నీళ్లేంది పాపా? మజ్జిగ నీళ్లలో. అందరూ అట్నే గదా కోస్తారు."

చిట్టి అన్నం కూడా కలపకుండా ఆకు మడిచి లేచింది. పక్కనున్న శేషమ్మ గారి ఆకులో అప్పటికే అన్నం, పప్పు, వేపుడు వడ్డించి ఉన్నాయి. ఆవిడ కూడా ఆకు మడిచి లేచారు. నేనూ లేచాను. సుజాత గారికి చెప్పి ముగ్గురం ఆటోలో ముత్తుకూరు వచ్చేశాం. దారంతా, ఆ పిల్ల అడగకుండా తిని ఉంటే అన్న ఆలోచన దగ్గరే ఆగిపోయాను.

ఇంట్లో నాలుగు బీరకాయలు మాత్రం ఉన్నాయి. అన్నం పెట్టి, బీరకాయలు చెక్కు తీసి కోశాను. చిట్టి అడిగింది, చెప్పాను. గిన్నెలోకి చూసి తల ఊపింది. నువ్వులపొడి చల్లి దించేసరికి పిల్ల కంచం పట్టుకుని సిద్ధంగా ఉంది. ఆబగా తింటోంది.

నేను పొయ్యి తుడిచి పక్కకు జరిగాను, శేషమ్మ గారు వచ్చి తన గిన్నె పెట్టుకుంటారని. ఆవిడ వచ్చారు. చేతిలో గిన్నె లేదు, కంచం ఉంది. మనవరాలి పక్కన పీట వేసుకుని కూర్చున్నారు.

"దాన్ని అడగడం నేర్పించినావు," అన్నారు. కంచం నా వైపు జరిపారు. "నాకూ ఇంత పెట్టు పెంచలా. ఆకలేస్తా ఉండాది."

ఆ కూరను తాకినవన్నీ ఆవిడకూ ఒక్కొక్కటి చెప్పి, అప్పుడు వడ్డించాను.